మరివోన్ పన్నునొప్పి

"పన్ను ఇంకా లాగుతోందా?" అని అడిగాడు రెజీ.

"కొంచెం," అంది మరివోన్, అద్దంలోంచి కూడా అతని వైపు చూడకుండా.

పన్నూ లేదు, నొప్పీ లేదు. బుధవారం డెంటిస్టు దగ్గరికని మొగుడికి చెప్పి ఆమె వెళ్ళింది రికార్డుల నిర్మాత దెల్‌కాంబ్ర్ ఆఫీసుకి. ఆయన ఆమె ఒక్కదాని చేతే ఒక పాట పాడించి టేపు చేసుకున్నాడు. "జంట పాటలకి కాలం చెల్లింది మదామ్. మీ ఒక్కరి పేరుతో రికార్డు వేస్తాను. ఆదివారం లోపు ఏ సంగతీ చెప్పండి," అన్నాడు.

అప్పుడే ఛీ పొమ్మని లేచి రావాల్సింది. "ఆలోచించుకుంటాను" అని వచ్చింది. పెళ్ళయి పన్నెండేళ్ళుగా రెజీతో ఒకే మైకు ముందు నిలబడి పాడడం తప్ప మరొకటి ఎరగని మనిషి, ఆ మాట ఎలా అందో తనకే తెలియదు. పైగా ఒంటరిగా పాడుతుంటే హాయిగా అనిపించింది. అసలు సిగ్గు అదే.

ఆ రోజు నుంచీ రెజీ ఆమెని పసిపిల్లలా చూసుకుంటున్నాడు. రొట్టెలో మెత్తటి భాగం ఆమెకి పెట్టి, గట్టి పెచ్చు తను నములుతున్నాడు. రెండు పూటలా బంగాళాదుంపల సూప్ కాచి, చల్లార్చి మరీ ఇస్తున్నాడు. చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆమెకి తల కొట్టేసినట్టవుతోంది.

ఇవాళ బెథూన్ ఊరి మున్సిపల్ హాల్లో వాళ్ళ పాటల కార్యక్రమం, మధ్యాహ్నం ఆట. హాలు కాపలా చూసే మదామ్ ప్రువో కాఫీ తెచ్చింది. పెళ్ళాం కప్పుని రెజీ అందుకుని ఊది చల్లారుస్తుంటే ఆవిడ నోరు నొక్కుకుంది.

"రాసిపెట్టి ఉండాలమ్మా! నా పళ్ళన్నీ రాలిపోయినా మా ఆయన భోజనం ఆలస్యమైందనే అరుస్తాడు. మీ ప్రేమంతా రేడియో కోసం వేషమే అనుకునేదాన్ని సుమండీ!"

మరివోన్ బలవంతంగా నవ్వింది. రెజీ నవ్వలేదు.

ఆవిడ వెళ్ళాక, కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఇవాళ రెండో చరణం కూడా నువ్వే పాడు," అన్నాడు.

"అది నీది కదా! పన్నునొప్పి నాకైతే పాటంతా నేనే పాడాలా?"

"నీ గొంతులో బాగుంటుంది. ఒక్కదానివైనా పాడగలవు నువ్వు. ఆ సంగతి నీకు తెలియాలి."

ఇతనికి తెలిసిపోయిందా? ఆమె అతని కళ్ళల్లోకి చూసింది. నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి తప్ప, వాటిలో కోపం లేదు.

"రెజీ, నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడొద్దు," అన్నాడు గబుక్కున. "ఆట అయిపోనీ."

రెండో చరణం మొదలవగానే అతను మైకు వదిలి వెనక్కి జరిగాడు. ఆమె పాడింది. హాలంతా లేచి నిలబడింది. వెలుతురు పడని చోట నిలబడి రెజీ కూడా చప్పట్లు కొడుతున్నాడు. అక్కడికి అతన్ని తనే మెడపట్టి గెంటినట్టనిపించి, ఆమెకి ఏడుపు ఆగలేదు. దేవుడి లాంటి మనిషికి తను చేసిన పని ఇదా?

విరామంలో తిన్నగా మదామ్ ప్రువో గదిలోకి వెళ్ళి, దెల్‌కాంబ్ర్ ఇంటికి ఫోన్ చేసింది.

"మీ రికార్డు నాకొద్దండీ. ఆ టేపు చెరిపేయండి. మీ గడప తొక్కినందుకే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"తొందరపడుతున్నారు మదామ్."

"మా ఆయన్ని నట్టేట్లో వదిలి నా దారి నేను చూసుకునే రకాన్ని కాదు. ఆయన లేకుండా నేను పాడను. అంతే."

అవతల దెల్‌కాంబ్ర్ గొంతు సవరించుకున్నాడు.

"రెజీ మీకింకా చెప్పలేదా?"

"ఏమిటి చెప్పడం?"

"ఇకమీదట ఒంటరిగా పాడతానని ఆయన సోమవారమే, మీరు రాకముందే, నా దగ్గర సంతకం పెట్టేశారు."