ఎదురు ప్రశ్నల క్లయింటు

"ముందు మీరు చెప్పండి," అన్నాడు స్టోర్ కీపరు.

"అబ్బే, ముందు మీరే చెప్పండి," అంది బల్లకి అవతల కూర్చున్న ఆవిడ.

స్టోర్ కీపరు లోలోపల నవ్వుకున్నాడు. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజమే. "క్లయింటు తిన్నగా జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. విసుక్కోకండి. అడిగింది చెప్పి, మీక్కావలసింది రాబట్టుకోండి. ఏం వ్యాపారమో కూడా ముందు తెలీదు. అదీ మీరే రాబట్టాలి."

సిస్టమ్స్ ఎనాలిసిస్ కోర్సులో ఇది చివరి పరీక్ష. ఒక దుకాణమో ఆఫీసో ఉందనుకోండి. అక్కడ పని ఎలా సాగుతోందో మనుషుల్ని అడిగి తెలుసుకోవాలి. ఏ సమాచారం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో బాణాలతో బొమ్మ గీయాలి. ఆ తర్వాతే కంప్యూటరు సంగతి. క్లయింటు వేషం వేయడానికి బయటినుంచి మనుషుల్ని పిలిపిస్తారు.

స్టోర్ కీపరు ఈ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మొదటిసారి క్లయింటు నోరు తెరవకముందే పరిష్కారం చెప్పేశాడు. రెండోసారి క్లయింటుతో పోట్లాడాడు. ఈసారీ తప్పితే కోర్సుకి పంపిన ఫ్యాక్టరీవాళ్ళు స్టోరు తాళాలు ఇంకొకరికిచ్చి, తనని గేటు దగ్గర కూర్చోబెడతారు. మేనేజరు ఆ ముక్క మర్యాదగానే చెప్పాడు. పొద్దున బయల్దేరేటప్పుడు భార్య మాత్రం మర్యాదలేమీ పెట్టుకోలేదు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ నా మాట ఒక్కటీ చివరిదాకా విన్న పాపాన పోలేదు. వాళ్ళెవరో చెప్పేది వింటారా మీరు?"

వింటానని ఒట్టేసి మరీ వచ్చాడు.

వరండా నిండా జనం. పొద్దుటి బ్యాచికీ సాయంత్రం బ్యాచికీ కలిపి ఒకేరోజు పరీక్ష పెట్టారు. గదులు చాలక గుమాస్తా తల పట్టుకుని, "మీరిటు, మీరటు" అంటూ అందర్నీ దొరికిన గదిలోకి తోసేస్తున్నాడు. స్టోర్ కీపర్ని తోసిన గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు ఉన్నాయి. ఆవిడ అప్పటికే వచ్చి ఫ్యాను కింద దర్జాగా కూర్చుని ఉంది. స్టోర్ కీపరు ఆవిడకి ఎదురుగా కూర్చుని, మిగిలిన కుర్చీలో తన సంచి పెట్టుకున్నాడు.

"సరే మేడం, నేనే చెబుతాను. ఫ్యాక్టరీలో స్పేర్ పార్టుల స్టోరు చూస్తాను. మరి మీరో?"

"కుట్టుపని దుకాణం. కోట్లు, యూనిఫారాలు. మీ స్టోర్లో ఇబ్బందేమిటి?"

"సరుకు ఉండాల్సినంత ఉండదు. మీ దుకాణంలో?"

"చెప్పిన రోజుకి బట్టలివ్వలేం. సరుకెందుకు ఉండదు?"

పోయినసారైతే ఈపాటికి కుర్చీ వెనక్కి తోసి లేచేవాడు. ఇప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"మెకానిక్కులొచ్చి నోటిమాటగా అడుగుతారు. ఇచ్చేస్తాను. రాసుకోను."

"ఎందుకు రాసుకోరు?"

"నాకు గుర్తుంటుంది."

"గుర్తుంటే లెక్క తప్పకూడదు కదండీ."

"అది తర్వాత చెబుతాను. మీరు చెప్పిన రోజుకి ఎందుకివ్వలేరు? దర్జీలు చాలరా?"

"చాలినంత మంది ఉన్నారు."

"మిషన్లు?"

"అవీ ఉన్నాయి."

"మరి?"

ఆవిడ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. "ఎవరు ఎప్పటికి కావాలంటే అప్పటికి ఇస్తాననేస్తాను. కాదంటే మొహం ముడుచుకుంటారని భయం. మా అత్తగారి దగ్గర మొదలైంది లెండి ఈ అలవాటు. అక్కడ కాదనడం కుదరదు."

ఈవిణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారో గానీ వేషం బాగా కట్టింది అనుకున్నాడు స్టోర్ కీపరు. 'ఇన్ని రోజులు పడుతుందని ఒక బోర్డు రాయించి పెట్టండి' అన్న సలహా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అంటే లోటు పనిచేసేవాళ్ళలో లేదు. రోజు చెప్పే పని మీ చేతిలో ఉండటమే చిక్కు. అంతేనా?"

"అంతే," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరూ అడగలేదు. సరే, ఇప్పుడు మీరు చెప్పండి. ఎందుకు రాసుకోరు?"

మాట దాటేసినా వదిలే రకం కాదు.

"రాసిపెడితే పుస్తకం చూసి ఎవడైనా ఇచ్చేస్తాడు. రాయకపోతే నన్నే అడగాలి."

"అడిగితే?"

"అడిగినప్పుడు కాసేపు నా దగ్గర నిలబడతారు."

ఇంట్లో కూడా ఎన్నడూ అనని మాట అది.

"అంటే మీ బెంగ సరుకు గురించి కాదు," అంది ఆవిడ మెల్లగా. "మనుషుల గురించి. అంతేనా?"

"అంతే."

తర్వాత పని నల్లేరు మీద బండిలా సాగింది. స్టోర్ కీపరు కుట్టుపని దుకాణం బొమ్మ గీసి చూపించాడు. "ఈ బాణం తిరగేశారు. కొలతలు మా నుంచి దర్జీకి వెళ్ళాలి," అని ఆవిడ దిద్దింది. క్లయింటుకి బాణాల సంగతి కూడా తెలుసే అని ముచ్చటపడ్డాడు.

"ఇక్కడో సంతకం, మేడం."

ఆవిడ పెట్టింది. తనూ ఒక కాగితం ఇటు జరిపింది. "మీరూ ఒకటి పెట్టండి."

వచ్చి కూర్చున్నందుకు ఆవిడ హాజరు కాగితం కాబోలనుకుని, చదవకుండానే సంతకం చేశాడు.

తలుపు తోసుకుని మాస్టారు తొంగిచూశారు. స్టోర్ కీపరు లేచి నిలబడ్డాడు.

"అయిపోయింది మాస్టారూ. ఈసారి చివరిదాకా విన్నాను."

మాస్టారు స్టోర్ కీపర్నీ, ఆవిణ్ణీ, మూడో కుర్చీనీ మార్చి మార్చి చూశారు.

"ఆ సంచి తీయండి, మీ ఇద్దరి క్లయింటూ వచ్చాడు."