పడవ మీద పేరు

“పేరెందుకు సెరిపేత్తన్నావు బాబూ?” వల మడతపెడుతూ అడిగాడు తాతబాబు.

జాలరిపేట ఒడ్డున అతని పడవ నీడలో కూర్చుని, గుణశేఖర్ లాప్‌టాప్‌లో ఆ పడవ ఫొటోనే దిద్దుతున్నాడు. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, ఫొటోలు సరదా. ఈ నెలలోనే వాటిని ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టడం మొదలుపెట్టాడు.

“పేర్లు, నంబర్లు కనబడితే సైటోళ్ళు తీసుకోరు బాబాయ్. మొన్న పంపితే వద్దనీసేరు. ఎవలి పడవో తెలకూడదంట.”

తెర మీద ‘అనూరాధ’ ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. చివరి ‘ధ’ కూడా పోయాక ఉత్త నీలం రంగు మిగిలింది.

“మా పిల్ల పేరది,” అన్నాడు తాతబాబు. “జొరమొచ్చి పోయింది. మూడేళ్ళయింది.”

గుణశేఖర్ చెయ్యి ఆగిపోయింది. “నాకు తెల్దు బాబాయ్.”

“పర్లేదు. పడవ అమ్మీసినాను. రేపు కొన్నోడు రంగేసి ఆ పేరు సెరిపేత్తాడు.”

అతని గొంతులో ఏ తేడా లేదు. వల మడతలు వరసగా పడుతూనే ఉన్నాయి.

“పేరున్న ఫొటో ఉందేటి?” అడిగాడు తాతబాబు.

“ఉంది గానీ, అది ఎవలూ కొనరు బాబాయ్.”

“ఎవలూ కొననిదే నాకియ్యి.”

గుణశేఖర్ చెరిపినదాన్ని వెనక్కి తెచ్చే మీట నొక్కాడు. చివర పోయిన ‘ధ’ ముందుగా తిరిగొచ్చింది. తర్వాత ‘రా’ వచ్చింది.

తాతబాబు చేతిలోంచి వల జారిపోయింది.