కోటకు అడ్డమైన కోతి

“మళ్ళీ ఆ దిక్కుమాలిన కోతేనా!”

హరినాథ్ అద్దాల గదిలోకి తొంగిచూసి జుట్టు పీక్కున్నాడు.

లోపల వరసగా కంప్యూటర్లు. వాటి ముందు ఊళ్ళోంచి పిలిపించిన జనం. తిరుపతిలోని ఈ చిన్న ఆఫీసులో హరినాథ్ నాలుగేళ్ళు తలమునకలై తయారుచేసిన ‘వజ్రకోట’ అనే వీడియో గేమ్‌ను ఆడి, ఎలా ఉందో చెప్పాల్సినవాళ్ళు. కోట సంగతే ఎవరికీ పట్టలేదు. అందరూ కోటకు ముందు వచ్చే కోతి ఆటే ఆడుతున్నారు.

ఆ కోతి ఘాట్‌రోడ్డు పిట్టగోడ మీద కూర్చుని ఉంటుంది. బస్సు వస్తుంది. కిటికీలోంచి అరటిపండు లాక్కోవాలి. ఒక్క బటన్ నొక్కితే చాలు. గురి తప్పితే బస్సు టాపు మీద పడి, బిక్కమొహం వేసుకుని కొండ కిందున్న అలిపిరి దాకా దిగిపోతుంది. అంతే ఆట.

వజ్రకోట అలాంటిలాంటిది కాదు. సైనికుడి మీసంలో ప్రతి వెంట్రుకా కనపడుతుంది. వాన పడితే ఏనుగు వీపు మీద నీళ్ళు జారతాయి. చెన్నై నుంచి వాద్యగాళ్ళను రప్పించి సంగీతం చేయించారు. ఇంత చేస్తే, తెర మూలన ‘కోటలోకి రండి’ అని వెలుగుతున్న గుర్తును నొక్కే నాథుడు లేడు. ఎవరికైనా కడుపు మండదా?

పైగా, దీనికి పెట్టుబడి పెడుతున్న దామోదరం ఈరోజే వస్తున్నాడు. నగరిలో మరమగ్గాలున్న మనిషి. జనం కోటలో కాలు పెట్టకపోతే ఆఫీసుకు తాళం వేస్తానని ముందే చెప్పేశాడు.

“అంబ్రీన్, ఆ కోతిని తీసిపారెయ్!”

“నాకు చేతులు రావడం లేదు సార్. మీరే తీసెయ్యండి,” అంది అతని కింద పనిచేసే అంబ్రీన్.

హరినాథ్ విసురుగా తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. మౌస్ పట్టుకున్నాడు. కాసేపు అలాగే నిలబడి, వదిలేసి వచ్చాడు. తన మీద తనకే చిరాకేసింది.

ఇంతలో అంబ్రీన్ నానమ్మ రంజాన్‌బీ గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

“యా అల్లా, పొట్ట పట్టుకుని నవ్వినా బేటా! ఈ కోతిని సేసినోడు యాడుండాడు?”

“ఎవడో పనిలేనోడులే అమ్మా,” అన్నాడు హరినాథ్. “కోట చూసినారా?”

“ఒకతూరి పోయినా. ఈ బటన్ నొక్కు, ఆ బటన్ నొక్కు అని ఒకటే పాఠం. బడికి పోయినట్టుండె. మళ్ళీ కోతి కాడికే వచ్చేసినా.”

అప్పుడే దామోదరం కారు దిగాడు. హరినాథ్ ఎదురెళ్ళి, సైనికుల గురించి, ఏనుగుల గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఆయన తల ఊపుతూనే అద్దాల గదిలోకి వచ్చి రంజాన్‌బీ లేచిన కుర్చీలో కూర్చున్నాడు. కోతి కనపడింది. బస్సు వచ్చింది.

“అరెరె, పాయె! ఇంగొక బస్సు రానీ, దీని పని సెప్తా.”

“సార్, కోట...” అన్నాడు హరినాథ్.

“ఉండప్పా.”

“అది కాదు సార్, ఆ మూలన నొక్కితే...”

“ఉండబ్బా! పండు దొరికే టైములో నీదొకటి!”

తెప్పించిన కాఫీ చల్లారిపోయింది. చివరికి దామోదరం లేచాడు. మొహం వెలిగిపోతోంది.

“కోట సాలు, మూసెయ్యప్పా హరినాథ్. దాంట్లోకి పోవాలని ఎవురికీ లేదు, నాక్కూడా. ఈ కోతిని సేసినోన్ని రేపట్నుంచి ఈడ కూసోబెడతా. వాడు ఏమి సేస్తానంటే దానికి దుడ్డు పెడతా. నువ్వు ఇంగేదన్నా సూసుకో.”

హరినాథ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. నాలుగేళ్ళు నిద్రాహారాలు మాని కట్టిన కోటను ఈయన లోపలికి కూడా వెళ్ళకుండా కూల్చేశాడు. అంబ్రీన్ ఏదో చెప్పబోయింది. కళ్ళెర్రజేసి ఆపాడు.

“ఏమబ్బా, పలకవే? ఎవురు వాడు?” అన్నాడు దామోదరం.

అంత పెద్ద కోట తెర మీదికి రావడానికి పట్టే కాసేపూ జనానికి విసుగు పుట్టకూడదని, ఒక మధ్యాహ్నం భోంచేసి వచ్చి, ఆ కోతిని గీసి వజ్రకోట గుమ్మంలో కూర్చోబెట్టింది హరినాథే.