ఫ్యాన్ కింద బెంచీ

"సోమవారం నుంచి మీరు పక్క క్లాసుకి వెళ్లండమ్మా. మీ క్లాసుని మాస్టారు తీసుకుంటారు," అన్నాడు హెడ్మాస్టరు, వరండాలోనే ఆపి.

టీచరమ్మ పక్క గది వైపు చూసింది. మాస్టారంటే ఆ క్లాసు చెప్పే బెత్తం మాస్టారు. ఆయన అసలు పేరు పిల్లల్లో ఎవరికీ తెలియదు. రెండు గదులకీ నడుమ ఉన్నది సన్నటి చెక్క అడ్డం. అటు దెబ్బ పడితే ఇటు పిల్లలు కళ్లు మూసుకుంటారు.

"మీవాళ్లకి బొత్తిగా భయం లేదు. అది కాస్త నేర్పాలి. పక్క క్లాసుకి భయం ఎటూ వచ్చేసింది కాబట్టి అక్కడికి మీరు వెళ్లినా నష్టం లేదు," అని సర్దిచెప్పాడు హెడ్మాస్టరు.

మొదటినుంచీ ఆయనకి ఈ క్లాసంటే కంట్లో నలుసు. ఇక్కడ రూల్సు పిల్లలే పెట్టుకుంటారు, తగువులు వాళ్లే తీర్చుకుంటారు. గదిలో ఉన్నది ఒకటే ఫ్యాను. దాని కింద బెంచీ కోసం అందరూ జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే, టీచరమ్మ తీర్పు చెప్పకుండా, మీరే తేల్చుకోండర్రా అని బయటికి వచ్చి నిలబడింది. మంచిది ఏదైనా వంతులవారీగా అందరికీ రావాలని తేల్చుకున్నారు. అప్పట్నుంచి ఫ్యాను కింద వారానికొక బెంచీ వాళ్లు కూర్చుంటున్నారు, కిక్కురుమనకుండా.

"మా క్లాసులో ఏం మార్చినా పిల్లల్ని అడిగే మారుస్తాం సార్. ఇదీ వాళ్లనే అడుగుదాం. వెళ్లమంటే మారుమాట్లాడకుండా వెళ్తాను," అంది టీచరమ్మ.

హెడ్మాస్టరు కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నాడు. రేపు తల్లిదండ్రులెవరైనా వచ్చి నిలదీస్తే, తేల్చింది మీ పిల్లలేనని చేతులు దులుపుకోవచ్చు కదా.

టీచరమ్మకి ధీమాగానే ఉంది. పిల్లలు తనని వదులుకోవడమా? సంగతంతా వాళ్లకి చెప్పి బయటికి వచ్చేసింది. ఓటు పూర్తయ్యేదాకా పెద్దవాళ్లు లోపల ఉండకూడదన్నది కూడా వాళ్లు పెట్టిన రూలే.

లోపల మొదట గోలగోలగా వినిపించింది. ఎవరో ఏడ్చారు. తర్వాత లాయరమ్మ గొంతు లేచింది. ప్రతిదానికీ వాదనకి దిగే ఆ పిల్లకి టీచరమ్మ ముద్దుగా పెట్టిన పేరది. అంతలో పక్క గదిలోంచి బెత్తం చప్పుడు, ఆ వెంటనే ఒక పిల్లవాడి కేక వినిపించాయి. ఈ గదిలో అందరూ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు.

కాసేపటికి లాయరమ్మే వచ్చి తలుపు తీసింది.

"అందరం చేతులెత్తాం టీచర్," అంది నేల చూస్తూ. "మిమ్మల్ని పంపించేద్దామనే."

హెడ్మాస్టరు సకిలించినట్టు నవ్వాడు. "చూశారా? నెత్తిన పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది," అన్నాడు.

టీచరమ్మ మాట తప్పే మనిషి కాదు. లోపలికి వెళ్లి బల్లమీది సంచీ, కళ్లజోడు తీసుకుంది. పిల్లల ముందు ఏడవకూడదనుకుంది గానీ కళ్లు ఆవిడ మాట వినలేదు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. వెనక బెంచీ పిల్లవాడు రెండు అరచేతులూ లాగుకేసి గట్టిగా రుద్దుకుంటున్నాడు.

గుమ్మం దాకా వెళ్లాక ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. "వెళ్తానర్రా. కానీ నేను చేసిన తప్పేమిటో అదొక్కటీ చెప్పండి."

"మీ తప్పేం లేదు టీచర్," అంది లాయరమ్మ ముక్కు తుడుచుకుంటూ, చెక్క అడ్డం వైపు చెయ్యి చూపిస్తూ. "ఎన్నాళ్లని మేమే ఫ్యాను కింద కూర్చుంటాం? ఇప్పుడు వాళ్ల వంతు."