తువ్వాల వేసిన కుర్చీ

"తువ్వాలేసి సీటు ఆపనీకి ఇదేమన్న ఆర్టీసీ బస్సా పెద్దాయనా?"

మహేందర్ అలా అడగడం ఇది మూడో రోజు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. కొత్తపేటలో రోడ్డు పక్కన దీక్షా శిబిరం. కుర్చీలు తక్కువ, కూర్చునేవాళ్లు ఎక్కువ. శిబిరం నడిపే మహేందర్‌కు పొద్దస్తమానం కుర్చీల గొడవే.

ఆ పెద్దాయన మాత్రం చివరి కుర్చీలో తువ్వాల పరిచి, దాని పక్కన కూర్చునేవాడు. అందులో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు.

"మావోడి జాగ సారూ," అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

నాలుగో రోజు ఆయన పొద్దున్నే వచ్చాడు. శిబిరంలో ఇంకా ఎవరూ లేరు. పక్కన చాయ్ బండి ఈరమ్మ కూతురు జ్యోతిక మాత్రం లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. సమ్మెకు బడి మూతపడినా, టీచర్ ఇచ్చిన లెక్క ఆ పిల్లను వదల్లేదు.

"ఏమైంది బిడ్డా?"

"నలుగురు నాలుగు కుర్చీలల్ల ఎన్ని తీర్ల కూసుంటరని అడిగిండ్రు తాతా. ఎనక జవాబు ఇరవై నాలుగని ఉంది. ఎట్లనో తెలుస్తలేదు."

తాత నాలుగు కుర్చీలు వరుసగా జరిపాడు. గొడుగు, సద్దిగిన్నె, జెండా ఒక్కోదాంట్లో పెట్టాడు. చివరిదాంట్లో ఎప్పటిలాగే తువ్వాల.

జ్యోతిక మూడింటినీ అటూ ఇటూ మార్చింది. మార్చినప్పుడల్లా సుద్దముక్కతో నేల మీద గీత గీసింది.

"ఆరే ఒచ్చినయ్! తువ్వాల గూడ జరపాలె తాతా."

"అది ఆడ్నే ఉండాలె బిడ్డా."

"అయితే నా లెక్క తప్పే."

పిల్ల మొహం చిన్నబోయింది.

తాతకు తువ్వాల తీయడానికి మనసొప్పలేదు. అయినా పిల్ల కోసం తీశాడు.

అది మూడో కుర్చీలో ఉంటే ఆరు. రెండోదాంట్లో ఆరు. మొదటిదాంట్లో ఆరు.

"ఆర్నాలుగులు ఇరవై నాలుగు!" జ్యోతిక గంతులేసింది. "నీ పేరేంది తాతా? మా టీచర్‌కు చెప్త."

"సీతారాములు."

అప్పుడే మహేందర్ వచ్చి, మైకు దగ్గరున్న మొదటి కుర్చీలో చూసుకోకుండా కూర్చున్నాడు. తువ్వాల కింద నలిగింది.

"సారూ, జర లేస్తవా? అది..."

"మల్ల షురూ చేసినవా? దీక్షకొచ్చెటోళ్లకే జాగ లేదు. రేపటి సంది ఇటు రాకు!"

పెద్దాయన గొడుగు, గిన్నె తీసుకుని ఎల్బీనగర్ వైపు నడిచిపోయాడు.

శిబిరం నిండాక మహేందర్ లేచి, వెనక ఫ్లెక్సీలో ఉన్న కుర్రాడి ఫొటోకు దండ వేశాడు. మైకులో రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"తెలంగాణకు ప్రాణమిచ్చిన మన సాయికుమార్! అసుంటి కొడుకును కన్న తండ్రి ఎదురైతే కాళ్లు మొక్కుత!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"అంకుల్, తాత తువ్వాల ఈడ్నే ఉన్నది," అంది జ్యోతిక కుర్చీ చూపిస్తూ.

మహేందర్ దాన్ని విసుగ్గా దులిపాడు. కొసకున్న ముడి ఊడి, మడతపెట్టిన హాల్‌టికెట్ ఒకటి కింద పడింది.

విప్పి చదివాడు. రోడ్డు మీదికి పరుగెత్తాడు. పెద్దాయన ఎక్కడా లేడు. ఆయనది ఏ ఊరో, ఇక్కడ ఎక్కడుంటాడో ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. మహేందర్‌కు ఏడుపు ఆగలేదు.

హాల్‌టికెట్ మీద ఫొటో సాయికుమార్‌ది. తండ్రి పేరు, సీతారాములు.