కుడివైపు మొహం

"ఓరిన్! నిద్రపోతున్నావా? పిల్లలొచ్చే వేళైంది!"

"నిచ్చెన మీద నిద్రెవరికి పడుతుంది?" అన్నాడు ఓరిన్.

ఇంటి ముందుగోడ మీద దీపాల తీగలతో అల్లిన రెండు గుమ్మడికాయ మొహాలు. హాలోవీన్ సాయంత్రం అవి కబుర్లు చెప్పుకుంటాయి. ఆ మాటలు గాలిలో వినబడవు, వీధిలో ఆగిన కార్ల రేడియోల్లోనే వినబడతాయి. అందుకే సరిచూసుకోవడానికి తన ట్రక్కులో రేడియో పెట్టి, తలుపు బార్లా తెరిచి ఉంచాడు.

ఎడమ మొహం బాగానే ఉంది. కుడి మొహానికి నోరు ఆడించే పెట్టె మొన్నటి వానలో తడిసిపోతే కొత్తది బిగించాడు. అప్పట్నుంచి దాని నోరు మాట కన్నా అర క్షణం ఆలస్యంగా తెరుచుకుంటోంది. పిల్లలు మిఠాయిలకి ఇంటింటికీ తిరగడానికి మునిసిపాలిటీ ఇచ్చిన వేళ ఆరు నుంచి ఎనిమిది. ఇప్పుడు ఐదూ నలభై.

ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ ఆపలేదు. ఈసారి ఆగితే మళ్లీ ఈ నిచ్చెన ఎక్కనని అతనికి తెలుసు.

పక్కింటి డెల్ఫీన్ పరుగున వచ్చింది. "కింద పట్టుకునే మనిషి లేకుండా ఎక్కేశారా, ఓరిన్ గారూ? దిగండి ముందు!"

"వెర్నా తిట్లు చాలవా? నువ్వు కూడానా, అమ్మాయ్?"

"నోరు తెరవడానికి ఇంతసేపా?" ట్రక్కులోంచి అతని భార్య వెర్నా గొంతు.

"విన్నావుగా!"

డెల్ఫీన్ ట్రక్కు వైపు చూసింది. నవ్వలేదు. వంగి నిచ్చెన గట్టిగా పట్టుకుంది.

"ఈ ఒక్క ఏడాదికి మానేయండి. వీధిలో ఎవరూ ఏమీ అనుకోరు."

"నేననుకుంటాను."

"పోనీ, మాటనే అర క్షణం వెనక్కి జరపకూడదూ?"

"ఆ రికార్డులో మాటని ముట్టుకోను," అన్నాడు కటువుగా. పెట్టెలోని చిన్న మర తిప్పి రిమోట్ నొక్కాడు.

"ఓరిన్! నిద్రపోతున్నావా?"

ఈసారి నోరు ముందే తెరుచుకుంది.

"ఒక్క నిమిషం, వెర్నా."

"నలభై ఏళ్లుగా ఇదే ఒక్క నిమిషం!"

మలుపులో దుప్పటి కప్పుకున్న బుల్లి దయ్యాలు కనిపించాయి. రెండు కార్లు వచ్చి ఆగాయి.

"రెండు నిమిషాలే ఉన్నాయి," అంది డెల్ఫీన్ మెల్లగా.

అతను మరని వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, కిందికి దిగాడు. ఇక పరీక్షించే వ్యవధి లేదు.

చర్చి గంట ఆరు కొట్టింది. వీధిలో ఆగిన ప్రతి కారులోంచీ ఒకేసారి వెర్నా గొంతు.

"ఓరిన్! నిద్రపోతున్నావా?"

సరిగ్గా ఆ మాటతోనే కుడి మొహం నోరు తెరిచింది.

ఓరిన్ ఎడమ మొహాన్ని మాట్లాడించే మైకు తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒక్క నిమిషం, వెర్నా."

"నలభై ఏళ్లుగా ఇదే ఒక్క నిమిషం!"

పిల్లలు పడీపడీ నవ్వారు.

వెర్నా పోయి ఏడు నెలలైంది.