మూడు గంటల వంతు

"ఏమండీ, ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలైంది. ఇది నా వంతు!"

అపార్ట్‌మెంటు నేలమాళిగలో, అందరూ వంతులవారీగా బట్టలుతుక్కునే గదిలోకి బుట్టతో దూసుకొచ్చింది ఇల్వా. వెనకే ఆరేళ్ల తూవా.

దుప్పటి మడతపెడుతున్న ముసలాయన తలెత్తాడు. మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చిన మనిషి.

"అయిపోయిందమ్మా, ఈ ఒక్క దుప్పటే."

"పైగా తలుపు బార్లా తెరిచిపెట్టారు! మూసి ఉంచాలని ఇంతింత అక్షరాలతో రాసుంది, కనపడలేదా?"

ఆయన "వద్దమ్మా" అనేలోపే, తలుపు కింద అడ్డంగా పెట్టిన చెక్కముక్కను ఇల్వా ఒక్క తన్ను తన్నింది. ఇనుప తలుపు ధడాలున మూసుకుంది.

ముసలాయన పరుగున వచ్చి లాగాడు. పిడి ఊడి చేతికొచ్చింది.

ఫోనుకు సిగ్నల్ లేదు. తలుపు బాదారు. ఎవరూ పలకలేదు.

"నాలుగింటికి తర్వాతి వంతువాళ్లు వస్తారు," అంది ఇల్వా నీరసంగా. పక్కవాళ్ల వంతులో ఈ గది గడప తొక్కే మనిషి స్వీడన్ మొత్తం గాలించినా దొరకడు. ఆ మర్యాదే ఇప్పుడు కొంప ముంచింది.

తూవా ఏడుపు లంకించుకుంది. తలుపు వేస్తే నిద్రైనా పోని పిల్ల అది.

"అమ్మా, గాలి అయిపోతుంది! చచ్చిపోతాం!"

"ఛ, ఊరుకో. పెద్దపిల్లవి, భయమేంటి?"

ఏడుపు రెట్టింపైంది. పిల్లకు ఊపిరి అందడం లేదు. పెదవులు పాలిపోయాయి. ఇల్వా కంగారుగా మళ్లీ తలుపు బాదింది.

ముసలాయన గోడకానుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"పాపా, నాక్కూడా భయంగానే ఉంది. కాస్త సాయం చేస్తావా?"

తూవా వెక్కుతూనే చూసింది. "ఏం సాయం?"

"నేను ఊపిరి పీలుస్తుంటే నాలుగు లెక్కపెట్టు. వదులుతుంటే ఆరు. తొందరపడ్డానంటే తిట్టు."

"ఒకటి... రెండు... తాతా, అప్పుడే వదిలేశావ్! మళ్లీ మొదట్నుంచి!"

"తప్పయింది టీచరమ్మా."

తూవా ముక్కు తుడుచుకుని ఆయన చేయి పట్టుకుంది. "నీ చేయంతా తడి!"

"గది ఉక్కగా ఉందిలే. ఊఁ, లెక్కపెట్టు."

నాటకం బాగానే ఆడుతున్నాడు ముసలాయన, అనుకుని స్థిమితపడింది ఇల్వా.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ముసలాయన దుప్పటి కూడా తీసుకోకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

"వెళ్లొస్తానని ఒక్క మాటైనా అనడు, ఏం మనిషో!" అంది ఇల్వా.

కానీ ఆ వారమంతా తూవా తలుపు వేసుకునే పడుకుంది. "భయమేస్తే లెక్కపెడతాలే" అంది.

మళ్లీ శనివారం దుప్పటి, దాల్చినచెక్క బన్నులు పట్టుకుని తల్లీకూతుళ్లు మూడో అంతస్తుకెళ్లారు. ఒకావిడ తలుపు తీసింది. లోపలంతా అట్టపెట్టెలు.

"తాత ఏడీ?" అంది తూవా.

"మా అన్నయ్యా? సోమవారమే మా ఊరు తీసుకెళ్లిపోయామమ్మా. ఇక ఇక్కడ ఉండలేనన్నాడు."

"అయ్యో, ఎందుకని?" అంది ఇల్వా.

"ఇరవై ఏళ్ల కింద గని కూలిపోయి రెండు రోజులు లోపల ఇరుక్కుపోయాడు. అప్పట్నుంచి మూసిన గదిలో నిమిషం ఉండలేడు. ఉంటే గావుకేకలు పెడతాడు. మొన్న ఎవరో పుణ్యాత్ములు కింద తలుపు మూసేశారట. మూడు గంటలు! ఎంతలా అరిచాడో పాపం, మీకెవరికైనా వినపడిందా?"

"లేదండీ," అంది ఇల్వా. ఆ గదిలో అరవాల్సిన మనిషి, తూవా ఏడుపు ఆపడానికి మూడు గంటలూ అరుపు మింగుకుని కూర్చున్నాడు.